దైవాశీర్వాదం చేతిలో వర్జిల్ రైఫిల్

బాపట్ల చుట్టుపక్కల పల్లెల్లో ఆయిలింజను మొరాయిస్తే రైతులు ముందు దైవాశీర్వాదానికి కబురు పెట్టేవారు, దేవుణ్ణి ఆ తర్వాత తలుచుకునేవారు. ఇది గొప్పకు చెప్పే మాట కాదు. మిషను బడిలో ఐదో తరగతి చదివి, పలక పక్కన పెట్టి, రైసు మిల్లులో నూనెగుడ్డ పట్టుకుని చేరిన పిల్లవాడు ముప్పై ఏళ్ళు నిండకముందే ఆ మిల్లుకు ఇంజను డ్రైవరయ్యాడు. పగిలిన సిలిండరు హెడ్డుకు రాగిరేకు కొట్టి నాట్ల కాలమంతా నడిపించాడు. చర్చి గంట నాలుక ఊడిపోతే మిల్లులో పాత ఇరుసు కోసి కొత్త నాలుక చేశాడు. ఆ గంట శబ్దం పాతదానికంటే దూరం వినబడుతుందని పాస్టరు గారే ప్రసంగంలో చెప్పారు. డెబ్బై ఏడు తుఫానులో ఉప్పునీట మునిగిన ఇంజన్లను విప్పి, మంచినీళ్ళతో కడిగి, కిరసనాయిల్లో నానబెట్టి, ఒక్కొక్కదాన్నే ప్రాణం పోసి లేపాడు. ఆ తాలూకాలో ఆ పని చేయగలిగిన మనిషి ఇంకొకడు లేడు.

అటువంటి దైవాశీర్వాదం అమెరికాలోని అర్కాన్సా రాష్ట్రంలో, బెంటన్‌విల్‌కు కాస్త దూరంలో ఉన్న చిన్న ఊళ్ళో, కోళ్ళ ఫ్యాక్టరీలో కార్జాలు ఏరుతూ నిలబడ్డాడు.

భార్య నవోమి మిషను ఆసుపత్రిలో నర్సు. అమెరికా ఆసుపత్రులకు నర్సులు కావలసివచ్చిన రోజుల్లో ఆమె ముందుగా వచ్చింది. డెబ్బై తొమ్మిదిలో ఈయన వెనక వచ్చాడు. వచ్చేటప్పుడు పెట్టెలో బట్టలకంటే పనిముట్లే ఎక్కువ తెచ్చుకున్నాడు: ఇనుము అరగదీసే ఆకురాళ్ళు రెండు, ఒక సానరాయి, ఇత్తడి సుత్తి. కోళ్ళ ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసే సెక్షనుకు వెళ్ళి నిలబడితే, అక్కడి మేస్త్రీ సర్టిఫికెట్ చూపించమన్నాడు. దైవాశీర్వాదం సర్టిఫికెట్లు బాపట్ల తాలూకా పొలాల్లో నీళ్ళు తోడుతున్నాయి. వాటిని ఏ కవరులో పెట్టి చూపించడం?

దాంతో లైనులో వేశారు. పైన గొలుసుకు తలకిందులుగా వేలాడుతూ కోళ్ళు వస్తూనే ఉంటాయి. వేళ్ళు లోపలికి పోనిచ్చి గుండె, కార్జం ఒకవైపు, పనికిరానిది ఇంకోవైపు వెయ్యాలి. హాలంతా చల్లని నీళ్ళు, కంపు. సాయంత్రానికి వేళ్ళు ముడుచుకునేవి కావు. బేరింగు మీద చెయ్యి వేసి లోపలి జబ్బు చెప్పిన వేళ్ళు అవి. ఇంటికొచ్చాక వేడినీళ్ళలో ముంచుకుని కూర్చుంటే నవోమి నూనె రాసేది.

"ఏమండీ, ఇంకో పని చూసుకుందురు గానీ. నా జీతం ఉంది కదా," అనేది.

"నీ జీతం తిని కూర్చోడానికి ఇంత దూరం రావాలా? మిల్లు అరుగు మీద కూర్చున్నా గడిచేది," అనేవాడు.

ఎనభై ఒకటి వేసవిలో ఆకురాయి పిడి విరిగితే కొత్తది కొందామని వర్జిల్ టకర్ దుకాణానికి వెళ్ళాడు. ఆ ఊళ్ళో మేకు దగ్గర నుంచి తుపాకీ దాకా దొరికేది అక్కడే. వర్జిల్ లావుపాటి మనిషి, నోరు మంచిది. దుకాణం వెనకగదిలో తుపాకులు బాగుచేసే బల్ల ఒకటి ఉండేది. దాని మీద పనిచేసిన ముసలాయన చూపు మందగించి మానేశాడు. తలుపు సందులోంచి ఆ బల్లను చూసి దైవాశీర్వాదం అడుగు కదపలేకపోయాడు. నల్లగా నూనె తాగిన చెక్క, మూలన ఇనుము బిగించి పట్టే వైసు, గోడకు వరసగా స్క్రూడ్రైవర్లు. రెండేళ్ళలో మొదటిసారి ఆయనకు తన ఇల్లు కనబడినట్టయింది.

"ఐ యామ్ ఫిట్టర్," అన్నాడు వర్జిల్‌తో. "ఇంజన్. పంప్. రైస్ మిల్. ఎవ్రీథింగ్."

వర్జిల్‌కు ఆయన పేరు నోరు తిరగలేదు. డేవ్ అని పిలిచాడు. బల్ల కోసం మనిషిని వెతుకుతున్న మాట నిజమేనని ఒప్పుకుని, అటక మీద నుంచి ఒక రైఫిలు దింపాడు. ఇరవైరెండు నంబరు చిన్న తూటాలు వేసేది, ఉడతలకూ డబ్బాలకూ వాడేది. ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారీ ఒక గుండు పోతుంది. ఆ పేలుడు తోపుకే బోల్టు వెనక్కి వెళ్ళి, ఖాళీ గుల్లను బయట పడేసి, స్ప్రింగు నెట్టగా ముందుకొస్తూ ఇంకో తూటాను లోపల కూర్చోబెట్టాలి. ఈ రైఫిలు ఆ పని ఒకసారి చేస్తే రెండుసార్లు చెయ్యదు. గుల్ల సగం బయటికొచ్చి పొగగొట్టంలా నిటారుగా నిలబడిపోతుంది.

"ఏటా జనవరిలో సంతబయల్లో డబ్బాల పోటీ పెడతాం, ఫైర్ స్టేషన్‌కి చందా కోసం. మా నాన్న తుపాకీ గనక నేను దీనితోనే కాలుస్తాను. ఏటా ఇది ఆగుతుంది, ఏటా ఊరంతా నవ్వుతుంది. ఇద్దరు ముగ్గురు విప్పి చూశారు, ఎవరివల్లా కాలేదు," అన్నాడు వర్జిల్. "ఈసారి పోటీ చివరిదాకా ఆగకుండా నడిపించావా, ఆ బల్ల నీది డేవ్. కోళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళనక్కర్లేదు."

ఆ మాట చాలు. ఆ రాత్రి దైవాశీర్వాదం అన్నం ముందు చేసిన ప్రార్థన చల్లారిన కూరకు కూడా తెలిసేటంత పొడుగ్గా సాగింది.

శనివారం శనివారం దుకాణం వెనకగదికి వెళ్ళి పని చేశాడు. అంతకుముందు విప్పినవాళ్ళు స్ప్రింగు మార్చారు, మళ్ళీ మార్చారు. ఆయన స్ప్రింగు జోలికే పోలేదు. ఇంజను ఆగిందంటే ఎక్కడో ఏదో పట్టుకుంటోందని అర్థం, ముందు పట్టుకున్నచోటు వెతకమని మిల్లులో నేర్పిన విద్య. తూటా కూర్చునే గది అంచు మీద గోరు తిప్పి చూస్తే సన్నని గరుకు తగిలింది. ఎవరో చిన్నప్పుడు తూటా లేకుండా ఊరికే ట్రిగ్గరు నొక్కి నొక్కి ఆడుకున్నారు; తూటాను పేల్చే లోపలి ముల్లు ప్రతిసారీ ఆ అంచుకు కొట్టుకుని ఇనుము మీద చిన్న బుడిపె లేచింది. పేలిన గుల్ల ఉబ్బి ఆ బుడిపెకు చిక్కుకుంటోంది.

"చిన్నప్పుడు ఊరికే నొక్కింది ఎవరు సార్?" అని అడిగాడు.

వర్జిల్ చెవులు ఎర్రబడ్డాయి. "నేనే. మా నాన్న లేనప్పుడు."

దైవాశీర్వాదం ఆ బుడిపెను కొట్టి తియ్యలేదు, లోపలికి నొక్కి సరిచేశాడు. గుల్లను లాగే కొక్కెం మొన అరిగి ఉంటే సానరాయి మీద పదును తెచ్చాడు. బోల్టు అడుగుభాగం అద్దంలా నున్నగా చేశాడు. తూటాలు పట్టే డబ్బా పెదవులు ఒకవైపు వంగి ఉంటే సరిచేశాడు. ఏళ్ళ తరబడి పేరుకున్న సీసం, మసి కిరసనాయిలుతో కడిగాడు. అక్టోబరు ఎండలో వర్జిల్ తమ పెరట్లో డబ్బాలు నిలబెట్టి కాల్చాడు. గుల్లలు కుడివైపు గడ్డిలోకి పేలాల్లా ఎగిరిపడ్డాయి. ఒక్కటీ నిలబడలేదు. వర్జిల్ రైఫిలు దించి ఆయన్ని గుండెలకు హత్తుకున్నాడు.

"మా నాన్న ఉంటే ఏడ్చేవాడు డేవ్."

అక్కడితో ఆపి ఉంటే ఈ కథ చెప్పుకునే అవసరమే ఉండేది కాదు.

క్రిస్మస్‌కు నవోమి తమ్ముడు ఆనందబాబు, దక్షిణాన చలి తక్కువ ఉండే ఇర్వింగ్ ఊరి నుంచి వచ్చాడు. అక్కడ ఒక ఆఫీస్‌లో కంప్యూటర్ల పని. వచ్చేటప్పుడు కారు డిక్కీ నిండా కందిపప్పు, చింతపండు వేసుకొచ్చాడు. పోటీకి ముందు ఇంకోసారి సవరించి తెస్తానని దైవాశీర్వాదం రైఫిలును ఇంటికి తెచ్చుకున్నాడు. వంటింటి హీటరు పక్కన పాత దుప్పటి పరిచి, బోల్టు విప్పి, సీసాలోంచి చిక్కటి నూనె పోసి మర్దన చేస్తున్నాడు.

"ఏంటి బావా, తుపాకీకి తలంటు పోస్తున్నావా?" అన్నాడు ఆనందబాబు.

"నవ్వరా నవ్వు. కుర్చీ అరగదీసి జీతం తీసుకునేవాడివి, ఇనుము సంగతి నీకేం తెలుసు?"

"వాసన చూస్తే ఆముదంలా ఉందే!"

"ఆముదమే. మందుల షాపులో కొన్నాను. ఆ పిల్ల నా మొహం చూసి, పాపం ఎన్నాళ్ళయింది అన్నట్టు ఇచ్చింది."

నవోమి పొయ్యి దగ్గర నుంచి నవ్వింది. వర్జిల్ ఇచ్చిన చిన్న నూనె డబ్బా కిటికీలో మూత తియ్యకుండా ఉంది. అది పలచన, వేలి మీద నిలవకుండా నీళ్ళలా జారిపోతుంది. అలాంటి నూనె మీద ఆయనకు నమ్మకం లేదు. మిల్లులో పెద్ద షాఫ్టుకు ఆముదమే పోసేవారు. రోహిణి ఎండల్లో బేరింగు చెయ్యి పెట్టనివ్వనంత కాగినా ఆముదం పట్టు వదలదు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ షాఫ్టు అరగలేదు. బండి ఇరుసుకైనా అదే, ఇంజనుకైనా అదే.

"బావా, సరదాకి కాదు, నిజంగా చెప్తున్నా," అన్నాడు ఆనందబాబు ఈసారి నవ్వకుండా. "పోయిన వింటర్‌లో ఇర్వింగ్‌లోనే నా కార్ స్టార్ట్ అవ్వలేదు. మెకానిక్ వచ్చి, ఆయిల్ థిక్ అయిపోయింది, చలికాలం పలచది వాడాలి అన్నాడు. మీ ఊరు ఇంకా కోల్డ్. ఆ షాపాయన ఇచ్చింది పోసెయ్."

"కారు నీది కాబట్టి ఆగింది."

"వాడు చెప్పేది కాస్త వినండి," అంది నవోమి. "మా హాస్పిటల్ స్టోర్‌రూమ్‌లో చలికి ఆముదం సీసా ఒంపితే దిగదు. నేను కళ్ళారా చూశా."

"మీ అక్కాతమ్ముళ్ళకి ఆముదం అంటే కడుపు కడిగే మందనే తెలుసు. ఉప్పునీళ్ళలో మునిగిన ఇంజన్లు లేపినవాణ్ణి, నాకు నూనె సంగతి మీరు చెప్తారా?" బోల్టు బిగించి వెనక్కి లాగి వదిలాడు. హీటరు పక్కన కాగిన ఇనుము మీద ఆముదం వెన్నలా కదిలింది. బోల్టు ఠక్కున వచ్చి కూర్చుంది. "చూశావా? దీన్ని పట్టుకుని చెప్పు ఇప్పుడు."

ఆనందబాబు చేతులు జోడించాడు. "నీకో దండం బావా. పోటీ అయ్యాక చెప్పు." చేతులు జోడించాడే గాని కళ్ళు ఆ సీసా మీదే ఉన్నాయి.

పోటీ నాటికి చలి ముదిరింది. పంపుల్లో నీళ్ళు గడ్డకట్టి ఊళ్ళో సగం ఇళ్ళకు నీళ్ళు లేవు. ముందురోజే ఇచ్చిన రైఫిలు వర్జిల్ ట్రక్కు వెనకద్దం దగ్గర కొక్కేలకు వేలాడుతూ రాత్రంతా బయటే ఉండిపోయింది. సంతబయల్లో జనం కాఫీ కప్పులు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు. దైవాశీర్వాదం ఉన్న ఒక్క సూటూ వేసుకుని, మీద నవోమి కొన్న కోటు వేసుకుని, ముందువరసలో నిలబడ్డాడు. నవోమి డ్యూటీ మార్చుకుని పక్కనే నిలబడింది. సోమవారం ఫ్యాక్టరీలో పని మానేస్తున్నట్టు ఏ మాటలతో చెప్పాలో ఆమె చేత ఇంగ్లీషులో రాయించుకుని వల్లించుకున్నాడు కూడా.

వర్జిల్ పేరు పిలిచారు. మొదటి డబ్బా ఎగిరిపడింది. బోల్టు వెనక్కి వెళ్ళింది. ముందుకు రావడంలో మాత్రం బురదలోంచి లేచే ముసలెద్దులా లేచి, సగం దూరంలో ఆగింది. గుల్ల నిటారుగా నిలబడింది.

వర్జిల్ వేలితో తీసేసి మళ్ళీ కాల్చాడు. మళ్ళీ అదే. బోల్టును అరచేత్తో గుద్ది ముందుకు తోశాడు. మళ్ళీ అదే. వెనకాల ఎవరో, "వర్జిల్, దాన్ని తిరగేసి కర్రలా విసిరెయ్, డబ్బా పడుతుంది!" అన్నారు. నవ్వులు మొదలయ్యాయి.

బోల్టు సందులో ఏముందో దైవాశీర్వాదానికి అంత దూరం నుంచే తెలిసింది. ఆముదం జిగురుగా బిగిసి, మసిని పట్టుకుని, చలిలో జిల్లేడు పాలలా అంటుకుపోయింది.

పోటీ నడిపిస్తున్న పెద్దాయన వచ్చి వంగి వాసన చూశాడు. "దీనికి ఏం పోశారు?"

వర్జిల్ ఇటు తిరిగి చూశాడు. దైవాశీర్వాదం అబద్ధం చెప్పే మనిషి కాదు. అదీ కాక, ఆ క్షణంలో కూడా అది సిగ్గుపడాల్సిన మాట అని ఆయనకు తోచలేదు.

"క్యాస్టర్ ఆయిల్ సార్. బెస్ట్ ఆయిల్."

ఆ బయలంతా విరగబడి నవ్వింది. "ఆముదం తాగించినా కదల్లేదంటే ఇది మామూలు మలబద్ధకం కాదు వర్జిల్!" అన్నాడు పెద్దాయన. కాఫీలు ఒలికిపోయాయి. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

దైవాశీర్వాదం ముందుకు ఉరికాడు. "ఫైవ్ మినిట్స్ సార్, ప్లీజ్. కోటు లోపల పెట్టి వేడి చేస్తా. కిరసనాయిలు ఉంటే కడుగుతా. నడుస్తుంది. నడుస్తుంది సార్." పోటీ మధ్యలో తుపాకీ కాల్చేచోటి గీత దాటి బయటికి పోకూడదన్నాడు పెద్దాయన. రూలు రూలే. వర్జిల్ రైఫిలును బల్ల మీద పెట్టి, వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీలే డేవ్. నీ తప్పేం లేదు. అది మొదట్నుంచీ పాడు తుపాకీ."

తిట్టి ఉంటే బాగుండేది. తప్పు నాదే అని ఒప్పుకోనిస్తే, పని కూడా నాదే అని చెప్పుకునే వీలుండేది. ఆ బుడిపె ఎవరు కనిపెట్టారు, ఆ కొక్కెం ఎవరు పదును పెట్టారు, అక్టోబరులో గుల్లలు ఎలా ఎగిరాయి, అన్నీ ఆ ఒక్క మంచిమాటతో కొట్టుకుపోయాయి. నవోమి చెయ్యి పట్టుకుని కారు దాకా నడిపించింది.

వల్లించుకున్న ఇంగ్లీషు మాటలు తనలోనే పెట్టుకుని సోమవారం మళ్ళీ లైనులో నిలబడ్డాడు. సాయంత్రం దుకాణానికి వెళ్ళాడు. "ఒక్కసారి కడగనివ్వండి సార్. అరగంట పని." వర్జిల్ కళ్ళు కలపలేదు. పక్క ఊరి నుంచి ఒకతను వస్తున్నాడని, స్కూల్లో నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్నాడని, మాట ఇచ్చేశానని చెప్పాడు. వెనకగది తలుపు మూసి ఉంది.

కొత్త మనిషి చేసిన మొదటి పని ఆ రైఫిలును జిడ్డు కరిగించే మందుతో కడగడం. కడిగి, దైవాశీర్వాదం ఇంటి కిటికీలో ఉన్నట్టి పలచటి నూనెనే రెండు చుక్కలు వేశాడు. అంతే, మళ్ళీ ఆగలేదు. మరుసటి జనవరిలో వర్జిల్ ఆ రైఫిలుతో పోటీ గెలిచాడు. గుల్లలు మంచు మీద పడుతుంటే ఊరంతా చప్పట్లు కొట్టిందట. ఇంతకాలం ఎవరికీ చేతకానిది ఆ కుర్రవాడు ఒక్క పూటలో చేశాడని ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చెప్పుకున్నారు.

"ఆ రైఫిల్ నేనే బాగుచేశాను. లోపల బుడిపె ఉంది. నేనే సరిచేశాను," అన్నాడు దైవాశీర్వాదం తిండి ముందు నుంచి లేచి.

"అవునవును, క్యాస్టర్. నువ్వే," అన్నాడు పక్కవాడు, అనునయంగా. ఆ పేరు అప్పటికే స్థిరపడింది. ఫ్యాక్టరీలో డేవ్ అని కూడా ఎవరూ పిలవడం లేదు.

వర్జిల్ దగ్గరికే వెళ్ళి చెప్పుకుందామనుకున్నాడు. వెళ్ళాడు కూడా. దుకాణంలో జనం ఉన్నారు. ఇంజన్లు, తుఫాను, చర్చి గంట, తూటా గది అంచు, అన్నీ వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషు సగంలో అయిపోయింది. వర్జిల్ తల ఊపుతూ విన్నాడు. "కావచ్చు డేవ్, కావచ్చు," అని, వెనక నిలబడ్డ మనిషికి మేకులు తూచి ఇచ్చాడు. దైవాశీర్వాదం బయటికొచ్చాక, మిగిలినవి తెలుగు మాటల్లో కారులో ఒక్కడే కూర్చుని చెప్పుకున్నాడు.

ఆ తర్వాత క్రిస్మస్‌కు ఆనందబాబు వచ్చి, "బావా, మా ఫ్రెండ్స్‌కి ఆ తుఫాను ఇంజన్ల సంగతి చెప్పు, నీ నోటే వినాలి," అని బతిమాలాడు. ఇర్వింగ్ నుంచి ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకొచ్చాడు పాపం, బావను పాత బావను చెయ్యాలని. దైవాశీర్వాదం పళ్ళెంలోకి చూస్తూ, "ఏముందిరా, అందరూ చేసేదే," అన్నాడు. నవోమి వడ్డిస్తున్న గరిటె ఆపి ఆయన వంక చూసింది. పెళ్ళయినప్పటి నుంచి ఆ మాట ఆయన నోట వినలేదు.

ఎనభై నాలుగు ఫిబ్రవరిలో ఒక ఉదయం కోళ్ళ గొలుసు కీచుమని ఆగిపోయింది. మిషన్ల సెక్షనులో ఆ పూట మనిషి లేడు. వేరే ఊరి నుంచి రావాలి. ఆగిన ప్రతి నిమిషమూ సరుకు పాడవుతోందని ఫోర్‌మన్ అటూ ఇటూ తిరిగాడు. ఆయనకు ఏదో గుర్తొచ్చింది.

"క్యాస్టర్! నీకు మిషన్లు తెలుసంటారు కదా? ఒకసారి పైకెక్కి చూస్తావా?"

దైవాశీర్వాదానికి వారం రోజులుగా తెలుసు. మూలమలుపు దగ్గర చక్రం బేరింగు కొట్టుకుంటున్న చప్పుడు ఆయన ఒక్కడికే వినబడుతోంది. ఎక్కడ ఏ బోల్టు వదులు చేసి, ఏది పక్కకు జరిపితే గొలుసు కదులుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. లైనంతా ఆయన వైపే చూస్తోంది. ఒకరిద్దరి పెదవుల మీద నవ్వు అప్పుడే మొదలైంది.

"నో సార్," అన్నాడు. "నాకు మిషన్లు తెలియవు."

ఫోర్‌మన్ ఫోన్ దగ్గరికి పరుగెత్తాడు. దైవాశీర్వాదం తడి చేతి తొడుగులు తీయకుండా, తలకిందులుగా ఆగిపోయిన కోళ్ళ ముందు, మిగిలినవాళ్ళతో పాటు నిలబడ్డాడు, పనితెలిసిన మనిషి వచ్చేదాకా.